కనుమలో బండ్లు ఆపిన ఓవర్సీరు

మా మేనమామ, రోడ్డు ఓవర్సీరు రామసుబ్బయ్యగారు గిద్దలూరులో పరమపదించినారన్న వార్త మొన్న ఉదయం మార్కాపురం చేరింది. నేను బడిలో పాఠం చెబుతున్నాను. సుద్దముక్క చేతిలో అట్లే ఉండిపోయింది. మధ్యాహ్నానికే బజారులో ఆయన గుణకీర్తనం మొదలైంది. సౌమ్యమూర్తి, అజాతశత్రువు, సహనశీలి అట. బతికినన్నాళ్ళూ ఆయనను పిచ్చి ఓవర్సీరని నవ్విన నోళ్ళే ఇవి. ఆయన సౌమ్యుడు కాడు. మూర్ఖత్వం ఎదురైతే ఆయన ముఖం వేపాకు నమిలినట్లయ్యేది. ఆ సంగతి దాచి రాసిన సంస్మరణం ఆయనకు అవమానం.

మద్రాసులో విద్యాభ్యాసం చేసి వచ్చిన మనిషి. కొండచరియల ప్రసక్తి వస్తే మాత్రం కోపం మరచి బోధించేవారు. "బరువు కిందికి లాగుతాదిరా. రాతికీ రాతికీ నడుమ రాపిడి, మంటి జిగట దాన్ని పట్టి నిలుపుతాయి. లాగుడు కంటె పట్టు ఎక్కువున్నంత కాలం కొండ నిలుస్తాది. వాననీళ్ళు దిగితే బరువు పెరుగుతాది, అది కొంతే. సందుల్లో నిండిన నీళ్ళు రాళ్ళను ఒకదాని మీద ఒకటి ఆననియ్యవు. పట్టు పోయేది అక్కడ."

గిద్దలూరు అవతల నల్లమల కనుమలో బాట వెడల్పు చేసేటప్పుడు కంట్రాక్టరు రాతికోసం చరియ పాదాన్నే తవ్వించినాడు. మామ ఆ చరియను నిలువునా కోసినట్లు కాగితం మీద గీసి, జారగల భాగాన్ని ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు బరువెంతో, అడుగున పట్టెంతో గణించినారు. ఎండిన చరియ నిలుస్తుంది, తడిసినది నిలవదు. కొండ నెత్తిన కాలవ తీసి వాననీటిని పక్కకు మళ్ళించాలనీ, పాదం దగ్గర రాతిగోడ కట్టాలనీ పైకి రాసినారు. పై ఇంజనీరు నడివేసవిలో కారులో వేంచేసి, చేతికర్రతో చరియను రెండు పోట్లు పొడిచి, ఇనుములాగుందని సెలవిచ్చి, ఫలహారం ముగించి వెళ్ళినాడు.

"కాలు నరికిన కొండకు ఎండాకాలంలో ఆరోగ్యపరీక్ష చేసినాడు మహానుభావుడు," అన్నారు మామ.

ఆ కార్తీకంలో ముసురు పట్టి విడవలేదు. కొండ నెత్తిన నెర్రె కనబడగానే ఆయన బాటకు అడ్డంగా మొద్దులు వేయించి బండ్లన్నీ ఆపించినారు. తర్వాత వాన వెలిసింది, ఎండ కాసింది. అయినా మొద్దులు తీయనివ్వలేదు.

"వాన నిలిచిపాయె గదా ఓవర్సీరుగారూ, ఇంకేంది?" అని కంట్రాక్టరు జనం ముందర ఎగతాళి చేసినాడు.

"నిలిచింది పైన. నీళ్ళు ఇంకా లోపలికి దిగుతా ఉండాయి. అడుగున బంకమట్టి పొర మీద చేరుతా ఉండాయి. అది నీకు కనపడదు."

శనక్కాయల వర్తకులు నవ్వినారు. ఎవరో పై ఇంజనీరుకు తంతి ఇచ్చినారు. బాట తెరవమని ఉత్తరువు వచ్చింది. కంట్రాక్టరు మనుషులే మొద్దులు దొర్లించినారు. బేస్తవారిపేట బండిమనిషి ఓబులేసు మామ దగ్గరికి వచ్చి, "అయ్యా, నేను పోదునా?" అని అడిగినాడు.

"పోవద్దు నాయనా. ఈ పూట ఎద్దులకు మేత వేసుకొని ఇక్కడే కూచో."

"అట్లనే," అన్నాడు ఓబులేసు. కాని బండిలో సరుకు ఒక వర్తకునిది. ఆ పెద్దమనిషి కసిరితే పగ్గాలు పట్టక తప్పలేదు. నిర్మలాకాశం కింద, నీరెండలో, చరియంతా ఒక్క ముద్దగా బాట మీదికి దిగింది. మామ ఉత్తచేతులతో మట్టి తోడినారు. ఓబులేసును ప్రాణంతో తీయలేకపోయినారు.

విచారణలో అందరూ ఏకకంఠంతో దైవఘటన అన్నారు. దేవుడు వచ్చి సాక్ష్యం చెప్పడు గనుక అందరికీ సౌకర్యమైన తీర్పు. సంతకం పెట్టమంటే మామ, "దేవుడు పార పట్టుకొని కొండ పాదం తవ్వలేదు," అని కలం కింద పెట్టినారు. ఆయన ఓవర్సీరుగానే పింఛను పుచ్చుకున్నారు. కంట్రాక్టరు రావుసాహెబు అయినాడు.

ఓబులేసు భార్యను చూడటానికి అప్పుడప్పుడు పోయేవారు. ఒకసారి నేనూ వెంట పోయినాను. అరుగు మీద కూర్చుని, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి లేచినారు. అంతటి ధిక్కారి అక్కడ తల ఎత్తలేదు.

పోయిన నెల మంచంలో ఉండి, "కాలవ తీసినారా?" అని నన్నడిగినారు. లేదన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

మామా, నీ పటానికి పూలదండలు వేసేవాళ్ళు ఈ సీమలో కొల్లలు. బాటకు అడ్డం నిలిచేవాడు ఒక్కడూ లేడు. నిన్నటి నుంచి ఇక్కడ ముసురు పడుతోంది. కనుమలో బండ్లు పోతూనే ఉన్నాయి.