మాత్రలు మానేసిన వారం

పోయిన ఏడాది స్కూటర్ మీంచి పడి నా కాలు విరిగింది. కర్నూలులో ఆపరేషన్ చేసి, నొప్పికి పది రోజుల మాత్రలిచ్చారు. డోన్‌లో మాకు బట్టల కొట్టుంది. రోజంతా అక్కడ కూర్చోవాలంటే మాత్ర తప్పదనుకుని, చీటీ లేకుండానే కొనుక్కుంటూ వచ్చాను. ఐదు నెలల్లో రోజుకు రెండు కాస్తా ఆరయ్యాయి.

ఎముక అతుక్కుందని తెలిశాక ఒక సోమవారం ఒక్కసారిగా మానేశాను. మర్నాడు మధ్యాహ్నానికి ముక్కు కారడం మొదలైంది. ఆగకుండా ఆవలింతలు. మండుటెండలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. విరగని కాలు కూడా లాగేసింది.

"చలిజ్వరమేమో, రక్తం చూపిద్దాం పా" అన్నాడు మా ఆయన. రక్తంలో ఏమీ లేదు. కొట్లో ఎవరో చీర వద్దని పక్కకు పెడితే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియలేదు.

మూడో రోజు పాత డబ్బాలో ఒక మాత్ర దొరికింది. వేసుకున్న గంటకు అన్నీ పోయాయి, ఆవలింతలతో సహా. అప్పుడు భయమేసింది. నొప్పి మాత్రకు ఆవలింతలెలా పోతాయి?

కర్నూలులో డాక్టరమ్మ రోజుకెన్ని అనడిగితే నాలుగన్నాను. మా ఆయన నా వైపు చూశాడు. ఆరని ఒప్పుకున్నాను.

"నొప్పి తగ్గించే మందు మన మెదడు కూడా కొంచెం తయారు చేసుకుంటాదమ్మా. బయటనుంచి రోజూ వస్తాంటే అది తన పని తగ్గించుకుంటాది. మందు అందుకునే చోట్లు కూడా మొద్దుబారతాయి. ఒక్కసారిగా ఆపితే లోపలిదీ చాలదు, బయటిదీ లేదు. అందుకే ఇంత బాధ."

"అంటే నా లోపలి మందు అయిపోయిందా మేడమ్?"

"అయిపోలేదు. మళ్లా దారిలో పడాలంటే టైం పడ్తాది. మెల్లగా తగ్గిద్దాం."

"మరి ఈ నొప్పి కాలిదా, మాత్రదా?"

"రెండూ ఉండొచ్చు. ఇప్పుడే చెప్పలేను."

తగ్గించడానికి మూడు నెలలు పట్టింది. మాత్రలు మా ఆయన దగ్గరే ఉండేవి. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్తే చొక్కా జేబు వెతికాను. తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"అడిగితే ఇయ్యనా నేను?"

"ఇయ్యగూడదు" అన్నాను. చెయ్యి మాత్రం జేబులోనే ఉండిపోయింది.

ఇప్పుడు మాత్రల్లేవు. కాలు అప్పుడప్పుడు లాగుతుంది, అది కాలి నొప్పేనా అని అనుమానమొస్తుంది. మొన్న ఆత్మకూరు నుంచి వచ్చిన మా అక్క, బస్సులో ఎవరో తన చెప్పులు మార్చుకుపోయిన సంగతి చెబుతుంటే నవ్వబోయాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమే, నవ్వుతాండావా, ఏడుస్తాండావా?" అంది.

నాకూ తెలియలేదు.