బోర్లా పడుకునే బోర్డు

సినిమాలో హీరోయిన్‌కి బదులు అలల మీద కనిపించడానికి నన్ను విశాఖ నుంచి ఫిల్మ్‌నగర్ పిలిపించారు. తీరా నా బాడీబోర్డు చూశాక దర్శకుడు, "నిలబడి వెళ్ళేది కావాలమ్మా, ఇది పడుకుని వెళ్ళేది కదా" అన్నాడు. సర్ఫ్‌బోర్డు మా ఇంట్లో కొనగలిగేది కాదు. తక్కువలో దొరికే ఈ పొట్టి ఫోమ్ బోర్డు మీదే నేను అలలు నేర్చుకున్నాను. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. స్టేషన్‌లో దింపమని కారిచ్చి పంపేశారు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. డ్రైవర్ పెద్దాయన వెనక్కి తిరిగి నా పక్కనున్న బోర్డును చూశాడు.

"గదేంది బిడ్డా?"

మా వైపు బిడ్డ అంటే చంటిపిల్ల. ఇక్కడ ఎదిగిన కూతుర్నీ అలాగే పిలుస్తారని అప్పటికి నాకు తెలియదు. వచ్చినప్పటి నుంచి అందరికీ నేను మేడమ్‌నే.

"దీనిమీద బోర్లా పడుకుంటే అల ఒడ్డుదాకా తీసుకొస్తుందండీ."

"ఒక్కదానివే పోతవా? భయం గాదా?"

"నీళ్ళలో భయం వెయ్యదండీ. ఇక్కడే..." అన్నాను.

ఆయన స్టేషన్ ముందు దింపి వెళ్ళిపోతాడనుకున్నాను. కారు పార్కింగ్‌లో పెట్టి, బోర్డు చంకన పెట్టుకుని ప్లాట్‌ఫాం మీదికి వచ్చాడు. నేనెక్కాక కిటికీ పక్కనే నిలబడిపోయాడు.

"మీరు వెళ్ళండి, ఆలస్యమవుతుంది" అన్నాను.

"కానియ్. ఊరికి పోయేటోళ్లను సాగదోలనీకి ఒక్కరన్న ఉండాలె గద బిడ్డా" అన్నాడు. రైలు కదిలేదాకా కదల్లేదు.