నేల మీద వేసిన నింద

నాకు కోపం త్వరగా వస్తుంది. రావలసిన చోట మాత్రం రాదు. అందుకే నరసరావుపేటలో, ఒక బ్యాటరీ షాపు ముందు, కానుగ మొక్కలు ఒకదాని తర్వాత ఒకటి చస్తున్నా అసలు కారణం నాకు తెలియలేదు.

పట్నాల్లో షాపుల ముందు నాటిన మొక్కలు ఎందుకు బతుకుతాయి, ఎందుకు చస్తాయి అన్నది నా పరిశోధన. ఆ బజారుకు రెండు వైపులా కానుగలు నాటించి, ఒక్కో మొక్కను ఒక్కో షాపుకు అప్పగించాను. షాపులో ఒక కార్డు ఉంటుంది. బకెట్ నీళ్ళు పోసిన రోజు దానిమీద టిక్కు పెట్టాలి. శనివారం శనివారం గురజాల నుంచి బస్సులో వచ్చి, టేపుతో కాండం కొలిచి, కార్డులు చూసుకుని వెళ్ళేదాన్ని.

బ్యాటరీ షాపాయన మా నాన్న ఈడువాడు. బాబాయ్ అని పిలిచేదాన్ని. నేను కనబడగానే స్టూలు వేసి, సోడా తెప్పించి, మన చెట్టు ఎట్టుందో చూడమ్మా అనేవాడు. ఆ 'మన' అన్న మాటకే నేను పడిపోయాను.

మొదటి మొక్క ఎండిపోతే నాటడంలో నా తప్పేమో అనుకున్నాను. రెండోది పోయాక నేల మీద అనుమానం వచ్చింది. పల్నాడులో ఎక్కడ తవ్వినా సున్నపురాయే కదా. వెల్దుర్తిలో మా అత్తయ్య పొలం నుంచి రెండు గోతాల నల్లమట్టి బస్సులో వేయించుకొచ్చాను. కండక్టరు విసుక్కుంటే అతనితో పోట్లాడాను. ఆ మట్టిలో నాటిన మూడోది కూడా చిగురేసి, నెల తిరక్కుండానే ఆకులు మాడడం మొదలైంది. బాబాయ్ నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైందన్నాడు.

కానుగ సున్నపు నేలను తట్టుకుంటుందని, ముందు నీళ్ళు పోస్తున్నారో లేదో చూసుకోమని మా గైడు సారు అన్నారు. బాబాయ్ అలాంటి మనిషి కాదని సారుకే ఎదురు తిరిగాను. నిజానికి నా కళ్ళు అంతకుముందే తెరుచుకోవలసింది. శివరాత్రికి ఎత్తుగా కట్టిన ప్రభ బండి వెంట కోటప్పకొండ తిరనాళ్ళకు వెళ్ళి బాబాయ్ మూడు రోజులు షాపు మూసేశాడు. కార్డులో ఆ మూడు రోజులకూ టిక్కులున్నాయి. తిరనాళ్ళ నుంచి తెచ్చిన అరిసెలు నా చేతిలో పెట్టాడు. అవి తింటూ టిక్కుల సంగతి అడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు ఉంటుందని ఊరుకున్నాను. బాబాయ్ షాపు బజారులో ఆ వైపు చివరిది. అక్కడి నుంచి అవతల నేల చెట్లకు పనికిరాదని రిపోర్టు రాసి సారుకు ఇచ్చాను. వచ్చే వానాకాలం ఎక్కడ మొక్కలు నాటాలో ఆ రిపోర్టు చూసే మున్సిపాలిటీవాళ్ళు నిర్ణయిస్తారు.

ఆ వారమే, రిపోర్టుకు జత చేయాల్సిన మట్టి శాంపిల్ కోసమని మంగళవారం పొద్దున్నే వెళ్ళాను. బాబాయ్ పాత బ్యాటరీల యాసిడ్ డబ్బా వంచి మొక్క మొదట్లో నిదానంగా పోస్తున్నాడు. నీళ్ళు పోసేవాళ్ళకు కూడా అంత శ్రద్ధ ఉండదు.

నన్ను చూసి డబ్బా కింద పెట్టాడు. దాచలేదు. చెట్టు పెరిగితే బోర్డు కనబడదన్నాడు. ఆ మాట మొదటి రోజే చెబితే రెండు గజాలు పక్కకు నాటేదాన్ని కదా అని అరిచాను.

"అంత దూరం నించి ఆశగా వచ్చావు. మొహం మీద వద్దని ఎట్టా చెప్పేదమ్మా?"

పాము చావకుండా కర్ర విరగకుండా నన్ను సంతోషపెట్టాడన్నమాట. నాచేత మట్టి మోయించి, సారుతో గొడవ పెట్టించి. ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక ఎదురుగా ఉన్న టిఫిన్ కొట్లోకి వెళ్ళాను. ఆ కొట్టు ఒక పెద్దావిడది, ఆమెను పిన్ని అంటాను. ఆమెకు అప్పగించిన కానుగ ఏపుగా పెరిగింది. దాని నీడలో జనం ఇడ్లీలు తింటున్నారు.

జరిగింది చెబితే పిన్ని ఆశ్చర్యపోలేదు. మొదటి మొక్క నుంచీ ఆయన పోస్తూనే ఉన్నాడని, బజారంతా చూస్తూనే ఉందని, చెబితే నేను బాధపడతానని ఎవరూ చెప్పలేదని అంది. రెండేళ్ళు. ప్రతి శనివారం వీళ్ళందరి ముందే నేను చచ్చే మొక్కను టేపుతో కొలిచాను. నమ్మించి గొంతు కోసింది ఒక్కడే. కోస్తుంటే జాలిగా చూసింది ఇంతమంది. వీళ్ళ మీదే నాకు ఎక్కువ మండింది.

రిపోర్టు ఇంకా సారు టేబుల్ మీదే ఉంది. మార్చాలంటే నా మాట ఒక్కటే చాలదు. బాబాయ్ మంచివాడని వాదించింది నేనే కదా. సారుకు ఫోన్ కలిపి పిన్ని ముందు పెట్టాను. చూసింది చూసినట్టు చెప్పు, ఆ వైపుకు కూడా చెట్లు దక్కుతాయి అన్నాను.

పిన్ని చేతులు కొంగుకు తుడుచుకుంది. ఫోన్ మాత్రం తీసుకోలేదు.

"పొద్దున లేస్తే ఆయన మొహమే చూడాల. ఎట్టా చెప్పేదే, చానా మొహమాటంగా ఉంటది."

అవతల సారు హలో, హలో అంటున్నారు. నేనే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని జరిగిందంతా చెప్పాను. ఎవరైనా చూశారా అని సారు అడిగారు.