పద్మజ ఎవరికీ నచ్చలేదు

మొన్న ఆదివారం కారప్పొడి కోసం ఎండుమిరపకాయలు వేయిస్తుంటే ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. కిటికీలన్నీ తెరిచినా పోలేదు. పక్కగదిలో మంచం మీద బోర్లా పడుకొని ఫోన్ చూస్తున్న మా అమ్మాయి దగ్గుతూ, తల ఎత్తకుండానే, "అమ్మా, నేను ఈ సీరియల్ బంద్ చేసిన. హీరోయిన్ నాకు నచ్చలే" అంది. నిన్నటిదాకా తిండి కూడా మరిచి చూసింది ఆ సీరియల్‌నే. నచ్చకపోతే చూడకూడదా అని అడగబోయి ఆగిపోయాను. ఆ ఘాటూ ఆ మాటా ఒక్కసారే వచ్చి నన్ను సూర్యాపేటలో మా పాత ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాయి.

మా ఇల్లు ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉండేది. గొర్లు కాసుకునే కుటుంబం మాది. కోతలు కాగానే తాత మందను తోలుకొని త్రిపురారం కాలువల వైపు వెళ్ళిపోతే మళ్ళీ వానలు పడితే గాని ఇంటి ముఖం చూసేవాడు కాదు, అందుకని ఇంట్లో పెత్తనమంతా నాయనమ్మదే. ఎండాకాలం వచ్చిందంటే మిర్చి వ్యాపారి మనుషులు మా వీధిలో ఇంటింటికీ ఎండుమిరప బస్తాలు దించి పోయేవారు, తొడిమెలు తీసివ్వడానికి. పొద్దు వాలాక, నీళ్ళు చల్లి చల్లబరిచిన అరుగు మీద ఆ కాయలు కుప్ప పోసుకొని, ముక్కులకు కొంగులు అడ్డం కట్టుకొని ఆడవాళ్ళంతా చుట్టూ చేరేవారు. వీధిలో మొదట రంగుల టీవీ కొన్నది మా నాయన కాబట్టి దాన్ని కిటికీలోంచి అరుగు వైపు తిప్పి పెట్టేవాళ్ళం. పిల్లలం ఓ మూల అష్టాచెమ్మ ఆడుకుంటూ, మిరప అంటిన చేతులతో కళ్ళు నలుపుకొని లబోదిబోమంటూ, తిట్లు తింటూ ఉండేవాళ్ళం. కరెంటు పోతే అందరూ ఉసూరుమనేవారు. అది వచ్చేదాకా నాయనమ్మ దవడకు ఇంత పొగాకు పెట్టుకొని, సీరియల్ వాళ్ళ ఇంటి సంగతులను మా చుట్టాల సంగతుల్లాగే చెప్పుకుపోయేది.

ఆ సీరియల్లో పద్మజ అని ఒకామె ఉండేది. మొగుడు కొట్టడు, తాగడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. అత్త నోట్లో నాలుక లేని మనిషి. అలాంటి ఇంట్లోంచి పద్మజ ఒకరోజు బ్యాగు సర్దుకొని వెళ్ళిపోయింది. వేరే ఊళ్ళో ఓ గది కిరాయికి తీసుకొని, ఒక్కతే వండుకొని తింటూ, పైగా కూనిరాగాలు తీసేది. ఎందుకు వెళ్ళిందో మాత్రం చెప్పదు. ఆ కారణం కోసం మా వీధి ఎంత ఎదురుచూసిందో చెప్పలేను. మొగుడికి ఇంకొకతె ఉందని తేలుతుందని ఎదురింటి రంగమ్మ పందెం కాసింది. అత్త కనిపించేంత మంచిది కాదని మరొకామె. ఏదీ తేలలేదు. కారణం దొరికితే క్షమించేయడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు గాని, ఆ మహాతల్లి ఇస్తేగా.

అందరికంటే ఎక్కువ తిట్టేది నాయనమ్మే. "తిన్నది అరగకొచ్చింది దీనికి" అని మొదలుపెడితే పద్మజ ఏడు తరాలనూ ఉతికి ఆరేసేది. కానీ ఓ సాయంత్రం రంగమ్మ, "దాని మొకం సూడలేను, వేరేది పెట్టుండ్రి" అన్నప్పుడు, "ఉండనియ్యే, ఏమంటదో ఇనాలె గద" అని గదమాయించింది. పద్మజ నోరు విప్పితే మేం కిక్కురుమనకూడదు. తిట్టాలన్నా ముందు పూర్తిగా వినాలి, అదీ ఆమె పద్ధతి. ఆ పద్ధతి ఎంత దూరం పోతుందో అప్పుడు నాకు తెలియదు.

ఆ ఏడు బతుకమ్మకు కోదాడ నుంచి సువర్ణత్త వచ్చింది. నాయనకు ఒక్కతే చెల్లెలు. తంగేడు పూలు, గునుగు పూలు గంపలకొద్దీ ఇంట్లోకి దిగాయి. అత్త వేడి రొట్టెలు చేత్తో చిదిమి బెల్లమూ నెయ్యీ కలిపి మలీద ముద్దలు చేస్తుంటే, చుట్టూ కూర్చుని ఒక్కో ముద్దకూ చేయి చాపడం నాకిప్పటికీ నోరూరించే జ్ఞాపకం. పండుగ అయిపోయింది. అత్త వెళ్ళలేదు. దీపావళి కూడా దాటాక, "ఎప్పుడు పోతవు బిడ్డా?" అని నాయనమ్మ అడిగింది. అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా, "నేనిగ పోనమ్మా" అంది. నాయనమ్మ చేతిలోంచి చేట జారి పడింది. నేను గుడ్లప్పగించి చూశాను. పద్మజ టీవీలో కదా ఉండాలి!

"కొట్టిండా?"

"లే."

"తాగుతడా?"

"తాగడు."

"మీ అత్త సతాయించిందా?"

"ఆమె మంచిదేనమ్మా. నాకే గాడ ఉండబుద్ధి కాలే."

అంతే. ఆ తర్వాత నాయనమ్మ ఎన్ని విధాల అడిగినా అత్త నోటి నుంచి ఇంకో మాట రాలేదు. అమ్మ అడిగింది, నాయన అడిగాడు, చివరికి నేనూ అడిగాను. చలికాలమంతా ఇంట్లో తిట్లే. నల్లా దగ్గర ఆడవాళ్ళు అత్తను చూసి "పద్మజ వస్తున్నది" అనుకొని నవ్వడం నేను చెవులారా విన్నాను. మళ్ళీ ఎండాకాలం వచ్చి బస్తాలు దిగాక అత్త కూడా అరుగు మీద మాతో కూర్చుని తొడిమెలు తీసేది. టీవీలో పద్మజ కనబడగానే అందరూ గొంతులు పెంచి తిట్టేవారు, నాయనమ్మ అందరికంటే గట్టిగా. అత్త తల ఎత్తేది కాదు. ఆ తిట్లు ఎవరికి తగులుతున్నాయో తెలిసేసరికి నాకు చెంప మీద కొట్టినట్టయింది. నాయనమ్మకు ఆ సంగతి తెలియదా? తెలిసే తిడుతోందా? ఆమె నాకు కొత్త మనిషిలా కనిపించింది.

ఓ మధ్యాహ్నం కోదాడ నుంచి మామ, ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. మామకు అక్కడ హైవే పక్కన టైర్ల దుకాణం. మెత్తని మనిషి. వస్తూ నాకు మామిడిపండ్లు కూడా తెచ్చాడు. అరుగు మీద కూర్చుని, "నా తప్పేంటో చెప్పమనండి, దిద్దుకుంటాను" అంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వీధంతా ఆయన పక్షమే, నిజం చెప్పాలంటే నేనూ. అత్త స్తంభం పట్టుకొని నిలబడి, ఆయన తప్పేమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. "కారణం లేనప్పుడు పంపుడే గదా" అన్నారు పెద్దమనుషులు. నాయన తలూపాడు. అమ్మ అప్పటికే అత్త బట్టల బ్యాగు తెచ్చి అరుగు మీద పెట్టింది. దాన్ని చూసి అత్త స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఇవాళ వెళ్తే ఇక ఈ గడప తనది కాదని ఆమెకు తెలుసు.

నాయనమ్మ పొగాకు ఊసి లేచింది. బ్యాగు అల్లుడి చేతికిచ్చి సాగనంపుతుందనే అందరం అనుకున్నాం.

"అల్లుడు బంగారమసొంటోడు. నాకు శాన నచ్చిండు" అంది. "నా బిడ్డనే నాకు నచ్చలే. అది జేసింది తప్పే అంట నేను. గని నచ్చలేదని యాడికి తోలాలె? మా మందల నాకు నచ్చని గొర్లు మస్తుగున్నయి. పొద్దుగూకితే వాటిని గూడ దొడ్లకే తోల్త."

అని, ఆ బ్యాగు తనే ఎత్తుకొని లోపలికి వెళ్ళి పెట్టొచ్చింది. "ఇంత తిని పోండ్రి అయ్యా, ఎండల వచ్చిండ్రు" అంది వచ్చినవాళ్ళతో.

చూడటానికి వచ్చి ఊరికే ఉండలేక రంగమ్మ అందుకున్న మిరపకాయ తొడిమెతోనే ఆమె చేతిలో ఉండిపోయింది. తల్లి అలా అడ్డం నిలబడటం నాయన చూడటం అదే మొదటిసారి. ఆ సాయంత్రమైనా నాయనమ్మ అత్తను ఓ మంచి మాట అంటుందనుకున్నాను. ఎక్కడిది? సీరియల్ మొదలుకాగానే పద్మజనూ అత్తనూ కలిపే తిట్టింది.

పద్మజ ఎందుకు వెళ్ళిపోయిందో చెప్పకుండానే ఆ సీరియల్ అయిపోయింది. మామ మళ్ళీ పెళ్ళి చేసుకొని బాగానే ఉన్నాడు. అత్త మిర్యాలగూడలో ఓ ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరి, అక్కడే గది తీసుకొని స్థిరపడింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అరుగు పోయింది. మిరప బస్తాలు ఇళ్ళకు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఆ వీధిలో ఇంటికో టీవీ, చేతికో ఫోను. నచ్చని మనిషిని వేలితో ఇలా నెట్టేస్తే అలా పోతుంది, ఆ మనిషి చెప్పేది చివరిదాకా వినాల్సిన అవసరం ఎవరికీ లేదు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకు లోలోపల అత్తంటే ఇష్టమేనని, పైకి మాత్రమే తిట్టేదని ఇన్నాళ్ళూ నమ్ముతూ వచ్చాను. ఈ మధ్య మిర్యాలగూడ వెళ్ళినప్పుడు అదే మాట అత్తతో అన్నాను. అత్త పకపకా నవ్వింది.

"నచ్చుడా? సచ్చేదాక నేను ఆమెకు నచ్చలే బిడ్డా. దవాఖానల గూడ నా చెయ్యి పట్టుకొని, నీ అసొంటి దాన్ని యాడ సూడలేదే అన్నది."

అత్త నవ్వు ఆపి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గట్ల అని, ఎంటనే, అన్నం తిన్నవానే అని అడిగింది. ఇగ మాట్లాడలే."