నాన్న గొంతు ఉన్న కంప్యూటర్

మలేషియాలోని ఇపో ఊళ్ళో అన్నయ్య పనిచేసిన చిన్న కంపెనీ కంప్యూటర్ ఫైళ్ళకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసి బయటి దేశాలకు అమ్ముతుంది. పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళు తప్ప ఆ తాళాన్ని ఎవరూ తీయలేరు, చేసినవాళ్ళు కూడా. పోయిన ఏడాది ఒక దేశపు ప్రభుత్వం, అన్నిటినీ తెరిచే తాళంచెవి తన దగ్గర ఉంచితేనే అమ్మనిస్తానంది. తౌకే, అంటే అన్నయ్య యజమాని, ఒప్పుకుందామన్నాడు. అన్నయ్య వద్దన్నాడు. ఇంట్లో అన్నాల దగ్గరా అదే మాట. దొంగల్ని పట్టుకోవడానికే కదా అని నేను వాదించాను.

"అయితే నీ మోటార్‌సైకిల్ తాళం కూడా ఠాణాలో ఇచ్చేసి రా, లా," అన్నాడు అన్నయ్య, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి. "ఓళ్ళ కాడి నుంచి అది ఎవుడి సేతికి పోతాదో ఓళ్ళకే తెల్దు."

ఆ గొడవ తేలకముందే ఒక ఉదయం ఆఫీసులో గుండె ఆగి అన్నయ్య పోయాడు.

మావాళ్ళలో పెద్దకర్మనాడు భజన ఉంటుంది. మొదటి పాట ఇంటి పెద్ద ఎత్తుకోవాలి. నాన్న పోయాక ఆ పని అన్నయ్యది. ఇప్పుడు నాన్న గొంతే ఎత్తుకోవాలంది అమ్మ. బాగన్ దాతుక్ తోటలో పనిచేసే రోజుల్లో నాన్న పాడిన పాటల్ని అన్నయ్య క్యాసెట్ల నుంచి తన కంప్యూటర్‌లోకి ఎక్కించి, అలవాటుగా తాళం వేశాడు. పాత క్యాసెట్లు బూజుపట్టి ఎప్పుడో పోయాయి. పాస్‌వర్డ్ మాకెవరికీ చెప్పలేదు.

పలకరింపుకు వచ్చిన తౌకేని అడిగాను. తీయలేమన్నాడు. మిగతా ఇంజనీర్లు ఇంకా అన్నయ్య మాట మీదే ఉన్నారని, అమ్మ ఒకసారి ఆఫీసుకు వచ్చి తన బాధ చెబితే వాళ్ళు ఆ తాళంచెవికి ఒప్పుకుంటారని, ఇకముందు ఇంకో తల్లికి ఇలా జరగదని మలాయ్‌లో అన్నాడు. చెడ్డమనిషి కాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.



"మీ నాన్న గొంతు నాకు గావాల," అంది నాతో. "లేదంటే అబద్ధం. గానీ నా కొడుకు వద్దన్నదాన్ని నా ఏడుపు సూపించి సేయించమంటే ఎలాగరా? అమ్మ రాదని సెప్పు."

చెప్పాను. తౌకే తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ తాళంచెవి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అమ్మ ముందు ఆ మాట అనలేదు. పెద్దకర్మనాడు మొదటి పాట నేనే ఎత్తుకున్నాను. రెండో చరణం నాకు రాలేదు. అమ్మ అందుకుంది.