ప్లాస్టిక్ కింద ఎర్ర సీటు

మా చిన్నప్పుడు, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, ఆదివారం అనగానే నా తొడలు వణికేవి... గుడికి నాన్న పాత కారులోనే వెళ్లాలి మరి.

అది యాభైల నాటి అమెరికన్ లగ్జరీ కారు. పడవంత పొడవు, వెనక చేపకున్నట్టు రెండు రెక్కలు, ముందు పళ్లికిలించిన క్రోమ్ గ్రిల్. ఒకప్పుడు ఇందులో ఆయిల్ బావుల దొరలు తిరిగారట... మా హయాంలో పులిహోర గిన్నె తిరిగింది.

లోపల సోఫా అంత వెడల్పున ఎర్రటి తోలు సీటు. దాన్ని ఒక్కసారి తాకాలన్నది నా బాల్యపు ఏకైక ఆశయం. కానీ దాని మీద మొదటి యజమాని బిగించిన దళసరి ప్లాస్టిక్ కవర్ ఉండేది. పసుపుపచ్చగా మారిపోయినా, నాన్న దాన్ని దేవుడి వస్త్రంలా అలాగే ఉంచేశారు.

ఏసీ ఎప్పుడో చచ్చింది. జూలై ఎండలో ఐదు నిమిషాలకే తొడలు ప్లాస్టిక్‌కి అతుక్కునేవి. దిగేటప్పుడు చర్ర్‌ర్... ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అందరి చెమటా జారి సీటు మధ్య గుంటలో చేరేది. ఆ గుంట నా సింహాసనం. ఛీ!

"ఏమండీ, ఆ దిక్కుమాలిన కవర్ తీసేయండి. పిల్లల తొడలు కమిలిపోతున్నాయి" అనేది అమ్మ.

"తీస్తే సీట్ పాడైపోదూ? ఒరిజినల్ లెదర్ అది!" అనేవారు నాన్న.

ఒక ఆదివారం హైవే మీద తమ్ముడు తిన్న పులిహోరంతా కక్కేశాడు. అది ప్లాస్టిక్ మీద అటూ ఇటూ జారి, చివరకు నన్నే చేరింది. నేనేమో అతుక్కుపోయి ఉన్నాను, లేవలేను. నాన్న అద్దంలోంచి చూసి పొంగిపోయారు. "చూశారా? కవర్ లేకపోతే ఏమైపోయేది!"

సీటు క్షేమం... నా సంగతి ఎవరూ అడగలేదు.

నేను కాలేజీకి వెళ్లిన ఏడు నాన్న ఆ కారు అమ్మేశారు. కొన్న పెద్దాయన, తాళం చేతికి రాగానే, జేబులోంచి చాకు తీసి ప్లాస్టిక్‌ని సర్రున కోసి లాగి పారేశాడు. కింద సీటు... నిన్ననే షోరూమ్ నుంచి వచ్చినట్టు ధగధగలాడుతోంది. ఆయన చెమట నిక్కరుతోనే దాని మీద చతికిలబడి, "ఓహ్ మ్యాన్!" అని కళ్లు మూసుకున్నాడు.

పులిహోర నాడు కూడా నాకు అంత అసహ్యం కలగలేదు. ఇన్నేళ్లూ మా తొడల తోలు ఒలుచుకుని కాపాడింది ఈయన పిరుదుల కోసమా?

కారు మలుపు తిరిగేదాకా నాన్న డ్రైవ్‌వేలోనే నిలబడ్డారు. తర్వాత మెల్లగా అడిగారు.

"మెత్తగా ఉన్నట్టుంది కదమ్మా?"

ఆయన కూడా ఒక్కసారీ తాకలేదు...

ఇప్పుడు నా కారు సీటు చల్లగాలి ఊదుతుంది. ఎవరి తొడా అతుక్కోదు. అయినా నాన్న దిగేముందు ఇప్పటికీ ఒక తొడ, తర్వాత రెండోది, జాగ్రత్తగా ఊడదీసుకుంటారు... అతుక్కోని సీటు మీద నుంచి.

మీ ఇంట్లో ఇంకా కవర్ విప్పనిది ఏముంది? ఇవాళే విప్పి, ముందు మీరే కూర్చోండి. తర్వాత వచ్చి కింద రాయండి... ఎంత మెత్తగా ఉందో.