లక్ష్మీదేవమ్మ నేర్పిన చప్పుడు

సుగటూరులో లక్ష్మీదేవమ్మకు పట్టుపురుగులు అప్పగిస్తే ఇంక దిగులు లేదంటారు. పురుగు పండిందో లేదో గడపలో నిలబడే చెప్పేస్తుంది. పండిన పురుగు మేత మానేసి, తల పైకెత్తి దిక్కులు చూస్తుంది. ఏరి చంద్రిక అనే వెదురు తట్ట మీద వేస్తే, గూడు కట్టే ముందు ఒంట్లో తడంతా వదిలేస్తుంది.

“ఎవురూ చెప్పకుండానే దానికి తెలుసు సూడు, ఎప్పుడు పోయాలో” అని నవ్వుతుంది.

అదే కన్ను మనవరాలు ధన్య మీద పెట్టింది. కోడలు చైత్ర ప్యాంపర్సు కట్ట తెస్తే, “ఎండకు బిడ్డ తొడలు ఒరుసుకుపోతాయి, నాకొదిలెయ్యమ్మా” అంది. పాలు తాగినాక ఒకసారి, నిద్ర లేవగానే ఒకసారి కాళ్లు చాపుకొని కూర్చునేది. తన రెండు పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టి, పళ్ల సందున మెల్లగా “స్‌స్‌స్” అనేది. ధన్య కాసేపు ఆలోచించి పోసేది. నెల తిరిగేసరికి పక్క తడవడం ఆగిపోయింది.

తరవాత వంతు పెరట్లో ఉన్న లెట్రిన్‌ది. సర్కారు దుడ్డుతో కట్టిన గది. తలుపు మీద ఇంటి పేరూ నంబరూ ఉంటాయి, లోపల ఏడేళ్లుగా ఎండిన మల్బరీ కట్టెలుంటాయి. లక్ష్మీదేవమ్మ అవన్నీ బయట పారేసింది. కొడుకు నాగేశ్, “వానకు తడిస్తే యాడ పెట్టేదమ్మా?” అని గొణిగినాడు.

“నీ మంచం మీద పెట్టుకో. తెల్లారకముందే చెరువుకట్ట అవతలికి పోయొచ్చి నడుము పోగొట్టుకున్నది నేను, నువ్వు కాదు. నా మనవరాలు ఆ కట్ట ఎక్కదు.”

మూడేళ్లు నిండకముందే ధన్యను రోడ్డు పక్క నర్సరీలో చేర్చినారు. చైత్ర ఆరున్నరకల్లా కంపెనీ బస్సెక్కాలి. అవ్వ చూసుకుందామంటే, నాలుగోసారి పొర విడిచిన పురుగులు ఆమెను తల ఎత్తనివ్వవు, ఆకు తెంపడం, కోయడం, వెయ్యడం. బడి ఉంటేనే చైత్ర పని ఉంటుంది.

మొదటి రోజు ధన్య గౌను తడుపుకొని వచ్చింది. రెండో రోజూ అంతే. మూడో రోజు మంజుశ్రీ మిస్ ఫోన్ చేసింది. ఇంట్లో అలవాటు చేసి పంపండి, సోమవారం కూడా ఇట్లే ఉంటే మేం పెట్టుకోలేం అని.

“ఒక సంవత్సరం పని మానేస్తే సరి” అన్నాడు నాగేశ్, అన్నంలో సారు కలుపుకుంటూ.

“ఎవరు, నువ్వా?” అంది లక్ష్మీదేవమ్మ.

చైత్ర మెడలో ఐడీ కార్డు తీసి మేకుకు తగిలించింది. అది ఊగడం ఆగేదాకా అత్త దాన్నే చూసింది. ఆరుగురు తోబుట్టువుల బిడ్డల్ని నేర్పిన చెయ్యి తనది. తప్పు యాడ జరిగిందో అర్థం కాలేదు.

సోమవారం పక్కింటి నరసమ్మను పురుగుల దగ్గర ఉంచి, తాను బడి వరండాలో కూర్చుంది. కిటికీలోంచి ధన్య కనిపిస్తోంది. చక్కగా పాట పాడుతోంది, గౌను పొడిగా ఉంది. పిల్లలంతా ఒకేసారి గోల పెట్టినారు. మంజుశ్రీ మిస్ పెదాల మీద వేలు పెట్టి, “ష్‌ష్‌ష్” అంది.

తరగతి గప్‌చిప్. ధన్య మాత్రం బుద్ధిగా గౌను ఎత్తి, ఉన్నచోటే గొంతుక్కూర్చుని పోసింది. పోసి, మెప్పుకోసం మిస్ వైపు చూసింది.

లక్ష్మీదేవమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. నవ్వు ఆగినాక లోపలికి పోయింది.

“మిస్సూ, మీరు పోయమన్నారు, అది పోసింది.”

“నేనెప్పుడన్నానమ్మా?”

ఆమె తన కాళ్లు చాపి, పళ్ల సందున చప్పుడు చేసి చూపించింది. మంజుశ్రీ నోరు తెరిచి, మూసి, మూలనున్న పిల్లోడు యశస్ వైపు చూసింది. “అయ్యో, వీడూ మొన్న... నేను జ్వరమనుకుంటిని.”

“వాళ్ల అవ్వా నా మాదిరిదే ఉంటుంది. ఇంగ నోరుమూయించాలంటే చప్పట్లు కొట్టండి. ఇంకొకటి. ఈ బడి లెట్రిన్‌కు బీగం వేసి పెట్టినారెందుకు?”

“పిల్లోళ్లు నీళ్లు పారబోస్తారని. అడిగితే తాళంచెవి ఇస్తామమ్మా.”

“మూడేండ్ల బిడ్డ తాళం అడుగుతుందా? ఆపుకునేది నేర్పే బడా ఇది? మేం పొద్దు గుంకేదాకా ఆపుకొనే పెరిగినాం మిస్సూ. ఆ చదువు మాతోనే పోనీ.”

మంజుశ్రీ బీగం తీసి తెచ్చి బల్ల సొరుగులో వేసింది.

ఇంటికొచ్చి లక్ష్మీదేవమ్మ తన అలవాటు మార్చుకుంది. అదే కష్టమైంది. నాలుక పళ్ల దగ్గరికి పోగానే కరుచుకొని, “నువ్వే చెప్పాల, అవ్వా వస్తాంది అని” అనేది. రెండుసార్లు పక్క తడిసింది. ఆమె ఉతికింది.

పదో రోజు పొద్దున చైత్ర మేకు మీది కార్డు మెడలో వేసుకుంటోంది. పొయ్యి మీద కుక్కర్ మెల్లగా “స్‌స్‌స్” అంది. అత్తాకోడళ్లిద్దరూ ఉలిక్కిపడి ధన్య వైపు చూసినారు.

ధన్య వంటింటి గడప దాకా నడిచి, కుక్కర్‌ను తీరిగ్గా చూసింది.

“నాకిప్పుడు రాలేదు” అని చెప్పి, పోయి ఆడుకుంది.

చైత్ర బస్సుకు పరుగెత్తింది.